నాలుగడుగుల కింద

తిరగలి తిరిగే ముందు చేలో ప్రాణమున్నదేదీ ఉండకూడదు. అందుకని పొద్దు పొడవగానే డప్పులు మోగించి కుందేళ్ళనూ కంజుపిట్టలనూ గట్టు దాటించారు. ఆ తరువాత మనుషుల్ని దాటించారు. మనుషుల్ని దాటించడమే కష్టమైంది. బొంతలదిన్నె ఆడవాళ్ళు ఏదో మరిచిపోయామంటూ వెనక్కి పరుగెత్తుతూనే ఉన్నారు. ఒకామె కొడవలి కోసం, ఒకామె నీళ్ళ బిందె కోసం. ఇంకొకామె ఏమీ మరిచిపోలేదు, ఊరికే ఒక చూపు చూసుకుని వద్దామని.

"చాల్లేండమ్మా, చేను మీతోనే వస్తాది. పెండ్లికూతుర్ని సాగనంపుతున్నట్టు ఏడుస్తారేంది?" అని ఉసేనమ్మ అందరినీ అదిలించింది. అదిలిస్తూనే కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నా కోడలు కాపురానికొచ్చినప్పుడు ఒక చెంబు గూడా తేలా. నా చేను సూడండి, గట్లతో, గడ్డితో, ఎలుక బొక్కల్తో సహా కాపురానికి పోతుంది."

అందరూ నవ్వారు. ఉసేనమ్మ గట్టు పక్కనే గట్టున్న ఓబులమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె తన చేను ఈశాన్యపు మూలను చూస్తూ నిలబడింది. ఆ మూలలో ఒక తంగేడు చెట్టు తప్ప చూడడానికి ఏమీ లేదు.

నాలుగు మూలలా పాతిన ఇనుప స్తంభాలు సన్నగా రొద చేశాయి. జొన్నలు విసురుతున్నట్టుండే ఆ రొద వల్లనే యంత్రానికి ఊళ్ళో తిరగలి అని పేరు పడింది. గాలి ఒక్క క్షణం కుండలో నీళ్ళలాగా వణికింది. ఓబులమ్మ రెప్ప వేసి తెరిచేసరికి నల్లరేగడి చేను లేదు. దాని చోట రేగు పొదలతో, బోదగడ్డితో ఎర్రటి గరపనేల పరుచుకుని ఉంది. ఆ నేల ఆమెకు తెలుసు. వంక అవతల నాలుగు మైళ్ళ దూరంలో ఉండే సర్కారు బీడు అది. చిన్నప్పుడు మేకలు తోలుకుపోయిన చోటు. అది ఇక్కడికి వచ్చిందంటే, ఈపాటికి తన చేను అక్కడికి చేరి ఉంటుంది.

"అయిపోయిందమ్మా!" అంటూ సుంకులమ్మ పరుగున వచ్చింది. నెత్తిన టోపీ, కాళ్ళకు బూట్లు, ముఖాన చెమట. తిరగలిని తయారుచేసిన వాళ్ళలో ఓబులమ్మ కూతురు కూడా ఒకతె. బొంతలదిన్నె బడిలోనే చదువుకుని, ఆ పైన ఎక్కడెక్కడో చదువుకుని, ఇప్పుడు ఈ పని మొత్తం చూసుకోవడానికి సొంత ఊరికే వచ్చింది. "చూడమ్మా, ఒక్క గడ్డిపోచ నలగలా. మన చేను ఆడ అచ్చం ఇట్లనే కూర్చునుంటుంది."

"తంగేడు చెట్టు?"

"అది గూడా. మట్టితో సహా."

ఓబులమ్మ తల ఊపింది. కూతురి ముఖంలో ఆ సంతోషం చూసి ఇంకేమీ అడగలేకపోయింది.

సుంకులమ్మ సంతోషానికి కారణం ఒక పిట్ట. దాని పేరు బట్టమేక. మనిషి నడుం ఎత్తు ఉంటుంది, తెల్లటి మెడ, నెత్తిన నల్లటి కుచ్చు. ఒకప్పుడు ఈ నేలల్లో మేకలతో పాటు తిరిగేది. దానికి కనుచూపు మేర గడ్డి కావాలి. సర్కారు భూమి ఊరి చుట్టూ ఉండనైతే ఉంది కానీ, గుట్ట పక్కన రెండెకరాలు, వంక గట్టున ఎకరం, రాళ్ళ మిట్ట మీద అయిదు, అంతా చిరిగిన చీర పేలికల్లాగా ఉంది. ఒక పేలిక నుంచి ఇంకో పేలికకు ఎగరబోయి పిట్టలు కరెంటు తీగలకు తగిలి చచ్చేవి, లేకుంటే కుక్కల నోట పడేవి. పేలికలన్నీ ఒకచోట కుట్టి ఒక పెద్ద గడ్డి అడవి చేయాలి, నడుమనున్న రైతుల చేలను ఆ పేలికల చోటికి పంపాలి. కాగితాల మీద భూమిని ఎవరైనా మార్చుకోవచ్చు. కానీ నల్లరేగడి ఇచ్చి గరపనేల ఎవరు తీసుకుంటారు? అందుకే మట్టినే మార్చే యంత్రం వచ్చింది. ఎవరి మట్టి వాళ్ళకే, చోటు మాత్రం వేరు.

చలికాలంలో చావడి ముందు జరిగిన మీటింగులో సుంకులమ్మ ఇంటింటినీ పేరు పెట్టి పిలిచి అడిగింది. "మీ చేలో బావి ఉందా? బోరు ఉందా? సమాధులేమైనా ఉన్నాయా?" ఉన్నవాళ్ళు ఉన్నాయన్నారు. ఉసేనమ్మ తన మామ సమాధి గురించి చెబుతూ, "ఆయప్పను జాగర్తగా తీసుకుపో తల్లీ, బతికున్నప్పుడే కుదుపుంటే తిట్టేవాడు" అంది. సొంత తల్లిని అడిగేటప్పుడు సుంకులమ్మ నవ్వుతూనే అడిగింది. "మన చేలో ఏమీ లేవు గదమ్మా?"

ఓబులమ్మ, "లేవు" అంది.

అబద్ధమది. కానీ ఇంకో మాట చెప్పడానికి ఆమెకు నోరు లేదు. చిన్నపిల్లల్ని పాతిన చోటు ఎవరికీ చెప్పకూడదు, రాయి పెట్టకూడదు, పేరు పలకకూడదు. తల్లి తన బిడ్డను పేరు పెట్టి పిలిస్తే వాడు వెనక్కి తిరిగి చూస్తాడు, తిరిగి చూసినవాడు ఆ ఇంట మళ్ళీ పుట్టడు. అత్త చెప్పిన మాట అది. అత్తకు ఆమె అత్త చెప్పింది. నడక నేర్చిన కొడుకు వానాకాలం జ్వరంతో చనిపోయినప్పుడు సుంకులమ్మ ఒకటో తరగతి చదువుతోంది. బడి నుంచి వచ్చేసరికి ఊయల విప్పేశారు. ఆ తరువాత ఆ ఇంట్లో వాడి మాట ఎవరూ ఎత్తలేదు. పాతిన చోటు తెలిసినవాళ్ళు ముగ్గురే. అత్త పోయింది. భర్త ఈరన్న కూడా పోయి కొన్నేళ్ళయింది. ఇక మిగిలింది ఓబులమ్మ.

మట్టంతా వస్తుందన్నారు కదా, వాడూ మట్టితోనే వస్తాడు, చెప్పవలసిన పనేముంది అనుకుంది.

కొత్త చోట చేను నిజంగానే అచ్చం అట్లాగే ఉంది. గట్టు మీద తన పారతో తను చెక్కిన గుర్తులు కూడా చెదరలేదు. ఓబులమ్మ పత్తి కట్టెలు ఏరింది, గట్టు సరిచేసింది. వాన కోసం అందరూ చూస్తున్నట్టే తనూ చూసింది. ఎప్పటిలాగే మధ్యాహ్నం ఈశాన్యపు మూలకు పోయి, తంగేడు దగ్గర పనేదో ఉన్నట్టు కూర్చుంది.

కూర్చుని తల ఎత్తితే కొండలు తప్పుగా కనిపించాయి.

పాత చోట ఆ మూలన కూర్చుంటే తూర్పున ఉన్న రెండు గుట్టలు ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఒక్కటిగా కనిపించేవి. నాలుగడుగులు ఇటు జరిగినా, అటు జరిగినా రెండోది తొంగి చూసేది. ఆ మూలన ఒక్కచోటే గుట్ట ఒకటి. రాయి పెట్టనీయని చోటికి ఓబులమ్మ పెట్టుకున్న గుర్తు అదే. ఇక్కడ అవే గుట్టలు వేరుపడిన అన్నదమ్ముల్లాగా ఎడంగా నిలబడి ఉన్నాయి.

కొండలు ఎట్లా కనబడితే ఏమిలే, చెట్టు ఇదే, మట్టి ఇదే అని సర్దిచెప్పుకుంది. అరచెయ్యి మట్టి మీద పెట్టింది. ఇన్నేళ్ళూ అక్కడ చెయ్యి పెడితే, నిద్రపోయే పిల్లవాడి పక్కన చప్పుడు చేయకుండా మసలుతున్నట్టు అనిపించేది. ఇప్పుడు ఏమీ అనిపించలేదు. వట్టి మట్టి. మరుసటి రోజు కూడా అంతే. ఊయల విప్పేసిన రోజు ఇంట్లోకి అడుగుపెట్టినప్పుడు ఎట్లా ఉందో ఈ మూల అట్లా ఉంది.

చేల వరస మారిపోవడంతో ఉసేనమ్మ ఇప్పుడు ఊరికి అటుపక్క పడింది. ఒకరోజు పనిగట్టుకుని చూడడానికి వచ్చింది.

"ఏమే ఓబులీ, పక్క చేలో ఎవురు? మాట్లాడతారా?"

"వంక గట్టు రెడ్డోళ్ళు. కూలోళ్ళే వస్తారు."

"నా పక్కన ముసలాయన. చెవుడు. నేనొకటి తిడితే ఇంకొకటి అనుకుని నవ్వుతాడు. నీతో కొట్లాడక నోరు చవి చచ్చిపోయింది." ఉసేనమ్మ చుట్టూ చూసి, ఓబులమ్మ ముఖం చూసి, గొంతు తగ్గించింది. "చేనంతా వచ్చింది గదమే. ఏం పోగొట్టుకున్నట్టు ఎతుకుతుండావు?"

"ఏం లేదక్కా."

"ఏం లేకుంటే మంచిదే" అంది ఉసేనమ్మ. కానీ పోయేటప్పుడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

ఆషాఢం పోయింది. చినుకులు రాలాయే కానీ వాన పడలేదు. ఒకరోజు పొద్దున్నే జొన్నరొట్టెలూ గోంగూర ఊరుబిండీ మూట కట్టుకుని ఓబులమ్మ అడవి గేటు దగ్గరున్న క్యాంపుకు పోయింది. రేకుల షెడ్డులో మామూలుగా ఉండే గోల లేదు. పనివాళ్ళంతా గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. సుంకులమ్మ తల్లి చెయ్యి పట్టి లాక్కుపోయి ఒక తెర ముందు కూర్చోబెట్టింది.

"వచ్చిందమ్మా! చూడు, అదిగో!"

గడ్డి నడుమ ఒక పెద్ద పిట్ట నేలకు అతుక్కుని కూర్చుని ఉంది. తల మాత్రం పైకి ఎత్తి, మెడ నిటారుగా నిలిపి అన్ని దిక్కులా చూస్తోంది.

"ఎట్లొచ్చిందో, యాడినుంచి వచ్చిందో. గుడ్డు పెట్టింది. ఒక్కటే పెడుతుంది. నేను బడికి పోయేటప్పుడు వీటి గురించి తాత చెప్తే కథ అనుకున్నా." సుంకులమ్మ కళ్ళ నిండా నీళ్ళు. "ఇరవై ఏండ్లు దీనికోసరమే అమ్మా. ఇదొక్కటి చూడాలని."

ఓబులమ్మ పిట్టను చూడడం లేదు. పిట్టకు సరిగ్గా వెనక, దూరంగా, తెర పై అంచున గుట్ట కనిపిస్తోంది. ఒకటే గుట్ట.

"ఈ బొమ్మ తీసేది యాడ పెట్టినారు?"

"పిట్టకు ఇరవై అడుగుల దూరంలో, రాయిలాగా చేసి పెట్టినాం. ఎందుకు?"

"అది కూర్చున్న చోటు... మన చేను ఉన్న చోటేనా?"

"ఆ! మన చేనే. ఇంతమంది చేలు పోయినాయి, అది మన చోటే ఏరుకుంది. చూసినావా అదృష్టం!"

ఓబులమ్మ మూట విప్పి రొట్టెలు ఒక్కొక్కటి తీసి పెట్టింది. కంచం వైపే చూస్తూ, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అడిగింది. "సుంకీ, ఆ తిరగలి ఎంత లోతు మట్టి తీస్తాది?"

"నాలుగడుగులు" అంది సుంకులమ్మ రొట్టె తుంచుతూ. "వేర్లు, కలుగులు, దుక్కి మట్టి అన్నీ అందులో వస్తాయి. ఇంకా లోతు పోతే కరెంటు చానా కాలుతుంది. సమాధులున్న చోట మాత్రం ఏడడుగులు తీస్తాం. అందుకే గదా మీటింగులో అందర్నీ అడిగినా."

ఆ రోజు ఈరన్న గుంత తవ్వుతూ తవ్వుతూ రొమ్ముల దాకా మునిగాడు. నక్కలు తవ్వుతాయని భయపడ్డాడు. చాల్లేరా అని అత్త అంటున్నా ఆపలేదు. ఆరడుగుల మనిషి రొమ్ముల దాకా.

"ఇంకోటి పెట్టుకోమ్మా, నువ్వు తినలా" అంటోంది సుంకులమ్మ.

"తిన్నాలే" అంది ఓబులమ్మ.

పైమట్టి మాత్రమే వచ్చింది. వాడు రాలేదు. వాడు ఉన్నచోటే ఉన్నాడు, పైన కప్పిన నేల మారిపోయింది, మనుషులు రాకూడదని చుట్టూ కంచె వేశారు. తను నాలుగు మైళ్ళ అవతల వట్టి మట్టికి కాపలా కాస్తోంది.

వెళ్ళబోతూ గేటు దగ్గర ఆగి అడిగింది. "ఒకసారి మార్చినాక మళ్ళా ఎనక్కి తిప్పేదానికి అయితదా?"

"పెద్ద వాన పడేదాకా అయితది. వానకు నానితే పై మట్టి, కింద మట్టి కలిసిపోతాయి. ఆ తర్వాత అది ఇంక ఆడిదే." సుంకులమ్మ తల్లి ముఖంలోకి చూసింది. "ఎవరన్నా ఏమన్నా అన్నారా ఊళ్ళో? చేను బాగలేదా?"

"చేను బాగుంది."

ఆ తరువాత రోజూ ఓబులమ్మ ఆకాశం చూసింది. మబ్బు పడితే చేతిలో పని ఆపేసేది. మబ్బు విడిపోతే హమ్మయ్య అనుకునేది. అలా అనుకున్నందుకు సిగ్గుపడేది, ఎందుకంటే ఊరు ఊరంతా విత్తనం చేతపట్టుకుని ఆ మబ్బు కోసమే మొక్కుతోంది. ఒక్కమాట చెబితే కూతురు తిరగలిని వెనక్కి తిప్పుతుంది. ఆ మాట చెబితే కూతురు ఇరవై ఏళ్ళు ఎదురుచూసిన పిట్ట లేచిపోతుంది. చెప్పకుండా ఉండి వాన పడిందా, వాడి మీద ఆ నేల ఎప్పటికీ ఉండిపోతుంది.

ఒకరోజు మధ్యాహ్నం పడమట నల్లటి మబ్బు లేచింది. గాలి నిలిచిపోయింది. ఓబులమ్మ చేతిలో పార అక్కడే వదిలేసి నడవడం మొదలుపెట్టింది. వంక దాటింది. కంచె కింద వాన నీళ్ళు పోవడానికి వదిలిన సందులోంచి పాకి లోపలికి దూరింది. లోపల దారి లేదు, గట్టు లేదు, చెట్టు లేదు, తెలిసినది ఒక్కటీ లేదు. తూర్పున రెండు గుట్టలు. నడుస్తూ ఉంటే రెండోది మెల్లమెల్లగా మొదటిదాని వెనక్కి జరిగింది. ఇంకొంచెం. ఇంకొంచెం.

పిట్ట మెడ ఎత్తింది.

ఓబులమ్మ ఉన్నచోటే చతికిలబడింది. ఇద్దరి నడుమా ఒక పందిరి వేసేంత దూరం ఉంది. పిట్ట లేవలేదు. కన్ను ఆర్పకుండా ఆమెను చూసింది. దాని రొమ్ము కింద ఈకలు ఒత్తుగా నేలమీద పరుచుకుని ఉన్నాయి. గుట్ట ఇంకా ఒకటి కాలేదు. కావాలంటే ఆ పిట్ట కూర్చున్న చోట కూర్చోవాలి. సరిగ్గా ఆ చోటే.

వెనక గడ్డిలో ఏదో కదిలింది. తెరమీద తల్లిని చూసిన సుంకులమ్మ పరుగెత్తుకుని వచ్చి, చివరికి మోకాళ్ళ మీద పాకుతూ దగ్గరికి చేరింది. కోపంతో ముఖం ఎర్రబడి ఉంది. అయినా గొంతు పైకి రానీయలేదు.

"ఏం పనమ్మా ఇది? అది లేచిందంటే కాకులు నిమిషంలో గుడ్డు తాగిపోతాయి. నీకు చూడాలనుంటే నేను చూపించనా?"

"పిట్టను చూడ్డానికి రాలేదు."

"మరి?"

ఓబులమ్మ నోరు తెరిచింది. ఇరవై అయిదేళ్ళుగా మూసుకున్న మాట. అది బయటికి వస్తే వాడు వెనక్కి తిరిగి చూస్తాడు. ఈ కూతురి కడుపునైనా మళ్ళీ పుడతాడేమోనని లోలోపల దాచుకున్న ఆశ అంతటితో పోతుంది.

"మద్దిలేటి" అంది. "మద్దిలేటి ఈడుండాడు సుంకీ. దాని కింద."

సుంకులమ్మకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ఆమె కోపం ఎటుపోయిందో పోయింది.

"నేను అడిగినా గదమ్మా" అంది, చిన్నపిల్లలాగా. "మీటింగులో అడిగినా గదా."

"అందరి ముందర ఎట్ల చెప్పేదే? ఒంటిగా అడిగినా చెప్పకపోదును. మట్టంతా వస్తాదంటివి, వాడూ వస్తాడులే అనుకుంటి."

"ఎంత లోతు?"

"మీ నాయన రొమ్ము లోతు."

సుంకులమ్మ కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. "మద్దీ అని పిలిచేదాన్ని" అంది మెల్లగా. "నాకు గుర్తుంది. బడి నుంచి వస్తే గడప కాడ నిలబడి చేతులు చాపేవాడు. ఏడికి పోయినాడని అడిగితే జేజి నా నోరు మూసింది. తర్వాత ఇంక అడగలా."

పడమట ఉరిమింది. పిట్ట మెడ తిప్పి ఆకాశం వైపు చూసి, మళ్ళీ వాళ్ళ వైపు చూసింది.

సుంకులమ్మ లేచి కూర్చుంది. "వాన ఇంకా రాలా. తిరగలి సిద్ధంగానే ఉంటాది. నేను ఇప్పుడే పోతా. మన చేను మన చోటికి తెస్తా. పైవాళ్ళకు నేను చెప్పుకుంటా, ఉద్యోగం పోతే పోనీ. నువ్వు ఊ అను, అంతే."

"దీనికేమైతది?"

సుంకులమ్మ పిట్ట వైపు చూసి చూపు తిప్పుకుంది.

"వాణ్ణి తీసి నా చేలోకి పంపేదానికి అయితదా?"

"అయితది. కానీ ఏది చేసినా మొదట అది లేవాల."

ఓబులమ్మ పిట్టను చూసింది. దానికి ఉరుములంటే భయమున్నట్టుంది. ఒళ్ళంతా సన్నగా వణుకుతోంది. అయినా రెక్కలు ఇంకొంచెం వెడల్పు చేసి గుడ్డు మీద ఇంకొంచెం గట్టిగా ఒదిగింది.

"నన్ను కూర్చోనీలేదు సుంకీ" అంది ఓబులమ్మ. "వాణ్ణి పాతిపెట్టిన రోజు ఆడనే కూర్చుంటానంటే మా అత్త, మీ జేజి, రెక్క పట్టి ఈడ్చుకొచ్చింది. అప్పటి నుంచి నేను పని ఉన్నట్టు పోయేది, గడ్డి పీకినట్టు పీకేది, ఎవరన్నా చూస్తారని లేచి వచ్చేసేది. వాని మీద ఒక తల్లి గట్టిగా కూర్చునింది ఇప్పుడే. దాన్ని లేపమంటావా?"

"అమ్మా, వాన పడితే ఇంక తిప్పలేను. ఎప్పటికీ."

"తెలుసు."

"తర్వాత నువ్వు ఏడిస్తే నేనేం చేయలేను."

"ఏడుస్తా. ఏడ్చేదానికి నీ యంత్రం ఎందుకు?" ఓబులమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. "పా. మెల్లగ పా. దానికి భయమైతుంది."

ఇద్దరూ పాకుతూ వెనక్కి వచ్చారు. కంచె దగ్గరికి చేరేసరికి మొదటి చినుకు ఓబులమ్మ నుదుటి మీద పడింది. షెడ్డులోకి పోదామని కూతురు లాగినా ఆమె పోలేదు. కంచె తీగ పట్టుకుని నిలబడింది. వాన ఊరి మీద, చేల మీద, ఎర్ర గరపనేల మీద దబదబా కురిసింది. దూరాన ఉన్న గుట్టలు రెండూ వాన తెరలో కనబడకుండా పోయాయి.

వాన వెలిసేదాకా పిట్ట లేవలేదని సుంకులమ్మ తరువాత చెప్పింది.

ఊళ్ళో విత్తనాలు పడ్డాయి. ఓబులమ్మ కూడా విత్తింది. సాయంత్రం కూతురు ఇంటికి వస్తే ఓబులమ్మ అడిగేది ఒక్కటే మాట, "కూర్చోనుందా?" సుంకులమ్మ "కూర్చోనుంది" అనేది. అప్పుడు ఓబులమ్మ కంచం పెట్టేది. వాళ్ళ మాటల్లో మద్దిలేటి పేరు మెల్లగా రావడం మొదలైంది. వాడు తప్పటడుగులు వేసిన సంగతి, పెరుగు గిన్నె నెత్తిన బోర్లించుకున్న సంగతి. సుంకులమ్మకు గుర్తున్నవి కొన్ని, ఓబులమ్మ చెప్పినవి కొన్ని. ఒకరోజు ఉసేనమ్మ గడపలో నిలబడి ఆ పేరు విని, ఏమీ అడగకుండా లోపలికి వచ్చి కూర్చుని, "వాడు నా ముక్కుపుడక పీకినాడు, గుర్తుందా?" అంది.

ఒక పొద్దున సుంకులమ్మ జీపు ఇంటి ముందు ఆగీ ఆగకముందే దూకింది.

"అమ్మా! పిల్ల వచ్చింది! కోడిపిల్లంత ఉంది, తడబడకుండా నడుస్తుంది. తల్లి ముందర, అది ఎనకాల. గడ్డిలోకి పోయినాయి రెండూ." క్యాంపులో అందరూ బెల్లం పంచుకున్నారని, ఒక పెద్ద సైంటిస్టు ఫోన్లోనే ఏడ్చాడని ఒకటే చెప్పుకుపోయింది.

ఓబులమ్మ పిండి చేతులు కడుక్కుంది. "పోయినాయా? చోటు ఇడిచిపెట్టి?"

"పిల్ల నడిచినాక ఇంక ఆడ ఉండవమ్మా. మేతకు పోతాయి."

"మళ్ళా వస్తుందా?"

"వచ్చే ఏడు వస్తుంది. గుడ్డు పెట్టిన చోటు మరవదంటారు."

ఓబులమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడింది. కూతురి సంతోషం చెడగొట్టాలని ఆమెకు లేదు. కానీ అడగకుండా ఉండలేకపోయింది.

"వచ్చే ఏటి దాకా వాని కాడ ఎవరుంటారు సుంకీ?"

సుంకులమ్మ కాసేపు బూటు కొనతో నేల గీరింది. ఆ తరువాత జీపు తలుపు తెరిచి పట్టుకుంది.

గేటు మీద 'మనుషులకు ప్రవేశం లేదు' అని రాసి ఉంది. కింద ఉన్న సంతకం సుంకులమ్మదే. ఆమె దాన్ని చూడనట్టే తాళం తీసింది. లోపల కొంతదూరం పోయాక ఇద్దరూ దిగి నడిచారు. వానకు గడ్డి మోకాళ్ళ ఎత్తు లేచింది. రెండో గుట్ట మొదటిదాని వెనక పూర్తిగా దాక్కున్నచోట ఓబులమ్మ ఆగింది. నేలలో చిన్న పళ్ళెమంత గుంట, రెండు ఈకలు, ఎండకు మెరిసే పెంకు ముక్కలు.

ఆమె కూర్చుంది. ఈసారి పని ఉన్నట్టు కూర్చోలేదు.

చాలాసేపటికి ఆమె చెయ్యి కదిలింది. గరపనేల మీద వానకు పల్లేరు తీగలు పాకాయి. పచ్చటి పూలు వాడి, ముళ్ళ కాయలు రాలుతున్నాయి. నల్లరేగడిలో ఒక్క పల్లేరును కూడా ఆమె బతకనిచ్చేది కాదు. ఇప్పుడు ఒక్కొక్క కాయే ఏరి ఒళ్ళో వేసుకోసాగింది.

"ఏం చేస్తుండావమ్మా?"

"పల్లేరుకాయలు" అంది ఓబులమ్మ తల ఎత్తకుండా. "వానికి చెప్పులు లేవు గదా. చెప్పులు కొనిచ్చే వయసే రాలేదు."

సుంకులమ్మ నిలబడి చూసింది. ఆ తరువాత వంగి బూట్లు విప్పి దూరంగా పెట్టి, ఒట్టి కాళ్ళతో వచ్చి తల్లి పక్కన కూర్చుని ఏరడం మొదలుపెట్టింది.